వర్క్‌షాప్ అయిపోయాక ఏమవుతుంది? అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో సినారియో పాఠాల కథ

క్లుప్తంగా: టెక్నికల్ కోర్సుల్లో ఉద్యోగంలో ఎదురయ్యే సందర్భాన్నే, అంటే సినారియోనే, పాఠంగా చెప్పాలన్న సలహా అమెరికా కమ్యూనిటీ కాలేజీ ఇన్‌స్ట్రక్టర్లకు ముప్పై ఏళ్లకు పైగా అందుతూనే ఉంది. తయారు చేసిన సామగ్రి ఉంది, గ్రాంట్ల డబ్బూ కొంత ఉంది. అయినా చాలా క్లాసుల్లో ఇంకా స్టెప్పులు రాసిచ్చే ల్యాబ్ షీట్లే నడుస్తున్నాయి. ఇన్‌స్ట్రక్టర్ల మొండితనం వల్ల ఇలా జరుగుతోందనుకుంటే పొరపాటు. వాళ్ల వారంలో ఖాళీ లేదు, ఇలాంటి పాఠానికి మార్కులు ఎలా వెయ్యాలో ఎవరూ చెప్పలేదు, మొదటిసారి తడబడితే పక్కన నిలబడే మనిషి లేడు. ఈ మూడింటినీ పట్టించుకున్న చోట మార్పు నిలబడుతోంది, లేనిచోట వర్క్‌షాప్ ఫోల్డర్లు అటకెక్కుతున్నాయి.

ఇప్పుడెందుకు ఈ చర్చ

కమ్యూనిటీ కాలేజీ అంటే మన పాలిటెక్నిక్, ఐటీఐ, డిగ్రీ కాలేజీ మూడూ ఒకే కాంపౌండులో ఉన్నట్టు ఊహించుకోవచ్చు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో మొదలైన ఈ రకం కాలేజీలు ఇప్పుడు దేశమంతా కలిపి వెయ్యి దాకా ఉన్నాయి. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, కొన్ని నెలల సర్టిఫికెట్లు, వెల్డింగ్, సీఎన్‌సీ మెషీన్లు, నెట్‌వర్కింగ్, ఏసీ రిపేరు, నర్సింగ్ సహాయకుల శిక్షణ, అన్నీ అక్కడే. ఒకే బెంచీ మీద ఇంటర్ వయసు పిల్లలూ, ఫ్యాక్టరీ మూతపడి ఉద్యోగం పోయిన నలభై అయిదేళ్ల మనిషీ పక్కపక్కన కూర్చోవడం అక్కడ మామూలు విషయం.

చదివించి పంపేసి ఊరుకునే కాలం ఈ కాలేజీలకు నెమ్మదిగా పోతోంది. 2025 జులైలో చట్టమైన ఒక మార్పు ప్రకారం పేద విద్యార్థులకిచ్చే ఫెడరల్ పెల్ గ్రాంట్ ఇకమీదట ఎనిమిది వారాల నుంచి పదిహేను వారాల లోపు ముగిసే పొట్టి కోర్సులకు కూడా వర్తిస్తుంది. అమలు తేదీ 2026 జులై 1. షరతులు మాత్రం గట్టివే: కోర్సు పూర్తిచేసినవాళ్లు కనీసం 70 శాతం ఉండాలి, ఉద్యోగంలో చేరినవాళ్లు కనీసం 70 శాతం ఉండాలి. అంటే గ్రాంటు నిలబడాలంటే విద్యార్థికి పని రావాలి. అలాంటప్పుడు "మావాడు ల్యాబ్‌లో అన్ని స్టెప్పులూ చేశాడండీ" అన్న మాట చాలదు, స్టెప్పులు రాసిపెట్టి ఉండని చోట వాడేం చేస్తాడన్నదే కంపెనీ చూస్తుంది.

ఒకే పాఠం, రెండు రకాలు

తేడా ఎక్కడుందో ఒక ఉదాహరణ తీసుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. నెట్‌వర్కింగ్ కోర్సులో డీహెచ్‌సీపీ అని ఒక పాఠం ఉంటుంది. ఆఫీసులో ఏ కంప్యూటర్ ఆన్ చేసినా దానికి ఒక ఐపీ అడ్రస్‌ని కొన్నాళ్ల గడువుతో అద్దెకిచ్చే సర్వీసు అది, ఆ గడువునే లీజు అంటారు.

ల్యాబ్ షీట్ ఇలా ఉంటుంది: స్టెప్ 1, సర్వర్‌లో కొత్త స్కోప్ (అద్దెకివ్వడానికి ఉంచే అడ్రసుల వరస) తెరవండి. స్టెప్ 2, 192.168.10.0/26 అని ఇవ్వండి. స్టెప్ 3, మొదటి 12 అడ్రసులు ప్రింటర్లకూ సర్వర్లకూ పక్కన పెట్టండి. ఇలా పోయి పోయి చివరి స్టెప్పులో ఇంకో కంప్యూటర్‌కు అడ్రస్ వచ్చిందో లేదో చూసి, స్క్రీన్‌షాట్ తీసి జతచెయ్యండి. నలభై నిమిషాల పని. వరసగా చేసుకుంటూ పోతే అందరికీ అడ్రస్ వస్తుంది, అందరికీ పది మార్కులూ వస్తాయి.

ఇదే పాఠాన్ని సినారియోగా చెబితే విద్యార్థుల చేతికి స్టెప్పులు రావు, ఒక ఫిర్యాదు వస్తుంది. చిన్న క్లినిక్ మేనేజర్ పంపిన ఈమెయిల్ అనుకుందాం: "పోయిన వారం కొన్న ఆరు ల్యాప్‌టాప్‌లకు ఇంటర్నెట్ రావడం లేదు. పాతవన్నీ శుభ్రంగా పనిచేస్తున్నాయి. పాడైన సరుకు అంటగట్టినట్టున్నారు, వాపసు పంపించే ఏర్పాటు చూడండి." దీనికి తోడు రెండేళ్ల కిందటి నెట్‌వర్క్ డ్రాయింగ్ ఒకటి, ఒక ల్యాప్‌టాప్ స్క్రీన్ ఫొటో ఒకటి. ఫొటోలో ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతుంటుంది.

నలుగురైదుగురు కూర్చున్న టేబుల్ దగ్గర మొదటి పది నిమిషాలూ గందరగోళమే. ఒకరు ల్యాప్‌టాప్ వైఫై డ్రైవర్ అంటారు, ఒకరు రౌటర్ ఆపి ఆన్ చేద్దామంటారు. 169.254తో మొదలయ్యే అడ్రస్ సర్వర్ ఇచ్చినది కాదు, సర్వర్ నుంచి జవాబు రాక కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్నదని ఎవరికో ఒకరికి గుర్తొస్తుంది. అక్కడి నుంచి లెక్క మొదలు. క్లినిక్ నెట్‌వర్క్ కూడా /26నే, అందులో వాడుకోగలిగినవి 62 అడ్రసులు, పక్కన పెట్టినవి 12, మిగిలినవి 50. క్లినిక్‌లో ఉన్న పాత కంప్యూటర్లు 28. అంటే ఇంకా 22 ఖాళీగా ఉండాలి కదా, మరి ఎక్కడికి పోయాయి?

ఆ జవాబు కాగితాల మీద ఎక్కడా ఉండదు, మేనేజర్‌ను అడగాలి. మేనేజర్ పాత్రలో ఇన్‌స్ట్రక్టరే కూర్చుని ఉంటారు, అడిగినదానికే జవాబు చెబుతారు, అడగనిది చెప్పరు. "ఈమధ్య ఆఫీసులో ఏమైనా మార్చారా?" అని అడిగిన గ్రూపుకు మాత్రం దొరుకుతుంది: రెండు వారాల కిందట వెయిటింగ్ హాల్లో వైఫై పాస్‌వర్డ్ కాగితం అంటించారు, పేషెంట్లు చాలా సంతోషంగా ఉన్నారు. ఇక చిక్కు విడిపోతుంది. లోపలికొచ్చిన ప్రతి పేషెంటు ఫోనూ ఒక అడ్రస్ తీసుకుంటోంది, లీజు గడువు విండోస్ సర్వర్ మామూలుగా పెట్టే ఎనిమిది రోజులు, మనిషి అరగంటలో వెళ్లిపోయినా అడ్రస్ మాత్రం వారం పైగా అతని పేరునే ఉండిపోతోంది. పాత కంప్యూటర్లు ఎప్పటికప్పుడు లీజు పొడిగించుకుంటున్నాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు, కొత్తగా వచ్చినవాటికే చోటు దొరకలేదు. ల్యాప్‌టాప్‌లలో ఏ లోపమూ లేదు.

పరిష్కారాలు ఒకటికి మూడున్నాయి, ఏదీ నూటికి నూరుపాళ్లు సరైనది కాదు. లీజు గడువు కొన్ని గంటలకు తగ్గించొచ్చు, కానీ ఇప్పటికే ఇచ్చేసిన లీజులు పాత గడువుతోనే ఉంటాయి, వాటిని చేత్తో తీసెయ్యాలి. స్కోప్‌ను /25కి పెంచి 126 అడ్రసులు తెచ్చుకోవచ్చు, అప్పుడు ప్రింటర్ల లాంటి స్థిర అడ్రస్ ఉన్నవాటన్నిటిలో సెట్టింగ్ మార్చాలి. పేషెంట్ల ఫోన్లకు వేరే నెట్‌వర్క్ పెట్టొచ్చు, దానికి టైమూ, ఒక్కోసారి కొత్త పరికరాలూ కావాలి. అన్నిటికంటే ముఖ్యమైనది చాలా గ్రూపుల కంట పడకుండా జారిపోతుంది: ముక్కూమొహం తెలియని ఫోన్లు పేషెంట్ల వైద్య రికార్డులున్న నెట్‌వర్క్‌లోనే తిరుగుతున్నాయి. పేషెంట్ల వైద్య సమాచారాన్ని గోప్యంగా ఉంచాలనే 1996 నాటి హిపా చట్టం ఉన్న అమెరికాలో అది అడ్రసుల కొరత కంటే పెద్ద తలనొప్పి.

ఇక్కడ నేర్పిన డీహెచ్‌సీపీ అదే డీహెచ్‌సీపీ. దాంతోపాటు ఫిర్యాదులో చెప్పిన కారణాన్ని నమ్మెయ్యకూడదనీ, ఏం మారిందో ముందు అడగాలనీ, ల్యాప్‌టాప్‌లు వాపసు పంపొద్దని టెక్నికల్ భాష రాని మనిషికి నాలుగు వాక్యాల్లో రాసి ఒప్పించాలనీ కూడా పనిలో పనిగా వచ్చాయి.

కొత్త ఆలోచనేం కాదు

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1920ల నుంచే కేసులతో, అంటే నిజమైన వ్యాపార సందర్భాలతో, పాఠాలు చెబుతోంది. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969లో మొదటి బ్యాచ్ నుంచే రోగి సమస్యతో మొదలయ్యే వైద్య విద్యను పెట్టింది, ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్ అన్న పేరు అక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది. అమెరికా కార్మిక శాఖ వేసిన స్కాన్స్ కమిషన్ 1991లో ఉద్యోగాలకు ఏం కావాలో చెబుతూ టెక్నాలజీతో పాటు మనుషులతో పనిచేయడం, సమాచారాన్ని వాడుకోవడం, వ్యవస్థ మొత్తాన్ని అర్థం చేసుకోవడం లాంటివాటిని సమానంగా లెక్కగట్టింది. ఆ మరుసటి ఏడాదే, 1992లో, వచ్చిన చట్టంతో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఏటీఈ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. టెక్నీషియన్ల చదువులో రెండేళ్ల కాలేజీలకే ముందు పీట వేసి గ్రాంట్లిచ్చే పథకం ఇది. సినారియో పాఠాల మీద పని చాలావరకు ఆ గొడుగు కిందే జరిగింది.

వైద్య కళాశాలకూ కమ్యూనిటీ కాలేజీకీ ఒక తేడా ఉంది, దాన్ని తరచూ మర్చిపోతుంటారు. మెక్‌మాస్టర్‌లో కాలేజీ మొత్తం ఆ పద్ధతి మీదే కట్టారు, టైంటేబుల్, పరీక్షలు, ట్యూటర్ల సంఖ్య అన్నీ దానికోసమే. కమ్యూనిటీ కాలేజీలో అవన్నీ పాతవే, మారాల్సింది మాత్రం ఒక్క ఇన్‌స్ట్రక్టర్, అదీ తనంతట తానే.

ఎక్కడ ఆగిపోతున్నారు

ముందు టైం సంగతి. ఫుల్‌టైం ఇన్‌స్ట్రక్టర్‌కు మామూలుగా సెమిస్టర్‌కు 15 క్రెడిట్లు, అంటే అయిదు కోర్సుల బరువు. ఆఫీస్ అవర్లు, విద్యార్థుల సలహాలు, కమిటీలు, పాడైన పరికరాల రిపేరు దీనికి అదనం. ఇక సగానికి పైగా బోధన సిబ్బంది పార్ట్‌టైం వాళ్లు. కోర్సుకింత అని తీసుకుంటారు, పగలు వేరే ఉద్యోగం చేసుకుని సాయంత్రం వచ్చి చెప్పి వెళ్తారు. పైన చెప్పిన క్లినిక్ సినారియో లాంటిది ఒక్కటి రాయాలంటే ఈమెయిల్, డ్రాయింగ్, అడిగితే ఇవ్వాల్సిన జవాబులు, తప్పుదారి పట్టిన గ్రూపుకు ఇచ్చే క్లూలు, మార్కుల పట్టిక అన్నీ రాసుకోవాలి, వారాంతం మొత్తం పోతుంది. ఆ వారాంతానికి జీతం ఎవరూ ఇవ్వరు. విచిత్రమేంటంటే, నిజమైన పని సందర్భాలు ఎక్కువగా తెలిసింది ఈ పార్ట్‌టైం వాళ్లకే, ఎందుకంటే వాళ్లు పొద్దున ఆ పనే చేసి వస్తారు. శిక్షణ కార్యక్రమాలు మాత్రం పగటిపూట పెడతారు.

రెండోది క్లాసు చేతిలోంచి జారిపోతుందన్న భయం. ల్యాబ్ షీట్‌తో నడిచే క్లాసులో ఏ నిమిషానికి ఏం జరుగుతుందో ఇన్‌స్ట్రక్టర్‌కు తెలుసు. సినారియోలో అయిదు టేబుళ్లు అయిదు దారులు పడతాయి, అందులో ఒకటి ఇన్‌స్ట్రక్టర్‌కే తెలియని దారి కావచ్చు. పాతికేళ్లు ఫీల్డులో పనిచేసి వచ్చినవాళ్లకు ఇది సరదాగానే ఉంటుంది, పుస్తకం పట్టుకుని వచ్చినవాళ్లకు నలుగురి ముందు "నాకూ తెలీదు, చూద్దాం" అనాల్సి రావడం చిన్న టెన్షన్ కాదు. దాన్ని చేతగానితనంగా చూసే డిపార్ట్‌మెంట్లో అయితే అసలు అనరు.

మూడోది మార్కులు. అసలు చిక్కు ఇక్కడే, దీని గురించి మాట్లాడేది మాత్రం తక్కువ. స్క్రీన్‌షాట్ ఉందా లేదా చూసి పదికి పది వెయ్యడం తేలిక. మూడు పరిష్కారాల్లో ఏది ఎంచుకున్నా ఫరవాలేదు, ఎందుకు ఎంచుకున్నారన్నదే లెక్క అన్నప్పుడు ఏ కాగితం చూసి వెయ్యాలి? గ్రూపులో ఇద్దరే పనిచేసి మిగతావాళ్లు ఫోన్ చూసుకుంటే ఏం చెయ్యాలి? "మా టేబుల్‌కు ఏడు, వాళ్లకు తొమ్మిది ఎందుకు?" అని విద్యార్థి డీన్ దగ్గరికి వెళ్తే ఏం చూపించాలి? వీటికి జవాబు దొరకని ఇన్‌స్ట్రక్టర్ సినారియోను మార్కులు లేని సరదా కార్యక్రమంగా పెడతారు, మార్కులు లేనిదాన్ని విద్యార్థులు పట్టించుకోరు, "చూశారా, మా పిల్లలకు ఇది పనికిరాదు" అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. చాలాచోట్ల కథ ముగిసేది ఇలాగే.

నాలుగోది విద్యార్థుల నుంచే. డబ్బు కట్టి వచ్చిన మనిషి చెప్పించుకోవడానికి వచ్చాననుకుంటాడు, "సార్ ఏమీ చెప్పకుండా మమ్మల్నే చేసుకోమంటున్నారు" అని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాస్తాడు. హార్వర్డ్‌లో ఫస్టియర్ ఫిజిక్స్ క్లాసుల మీద చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. తామే చేసి నేర్చుకునే పద్ధతిలో కూర్చున్నవాళ్లకు పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చాయి, కానీ తక్కువ నేర్చుకున్నామని వాళ్లే అనుకున్నారు. నున్నగా సాగిన ఉపన్యాసం విన్నవాళ్లకు అన్నీ తెలిసినట్టు అనిపించింది. పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్‌ను వచ్చే సెమిస్టర్ పిలవాలా వద్దా అన్నది ఆ ఫీడ్‌బ్యాక్ ఫారాల మీద కూడా ఆధారపడినప్పుడు, బాగా నేర్పడం కంటే నేర్చుకున్నట్టు అనిపించేలా చెప్పడమే క్షేమం. వాళ్లు అటే మొగ్గితే తప్పు పట్టడం కష్టం.

రెండు రోజుల వర్క్‌షాప్‌తో ఎందుకు కాదు

కాలేజీలు మామూలుగా చేసేది ఒకటే. సెమిస్టర్ మొదట్లో వర్క్‌షాప్ పెడతారు, బయటి నిపుణుడు వస్తాడు, లంచ్ ఇస్తారు, అందరూ ఒప్పుకుని వెళ్తారు. దీని వెనక ఒక అంచనా ఉంది: ముందు ఇన్‌స్ట్రక్టర్ మనసు మారితే తర్వాత క్లాసు మారుతుందని. థామస్ గస్కీ అనే విద్యా పరిశోధకుడు 1986లోనే ఈ వరస తలకిందులుగా ఉందన్నాడు. టీచర్ ఏదో ఒకటి కొత్తగా చేసి చూస్తాడు, తన విద్యార్థుల్లో తేడా కనిపిస్తుంది, ఆ తర్వాతే నమ్మకం మారుతుంది. ఎదుట ఉన్న విద్యార్థి నిన్నటిదాకా అడగని ప్రశ్న ఇవాళ అడిగితే తప్ప నమ్మరు, స్లైడ్లు చూసి ఎవరూ నమ్మరు.

అదే రోజుల్లో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే విద్యా పరిశోధకులు చేసిన పని ఇంకో సంగతి చెప్పింది. సిద్ధాంతం చెప్పడం, చేసి చూపించడం, వర్క్‌షాప్‌లోనే ఒకసారి చేయించడం, ఇవన్నీ కలిపినా క్లాసులో వాడకం అంతంతమాత్రమే. తర్వాత క్లాసు దగ్గరికే వచ్చి చూసి మాట్లాడే తోటి మనిషి ఉన్నప్పుడే కొత్త పద్ధతి నిలబడుతుంది. వెల్డింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు నిజానికి, పక్కన నిలబడి చెయ్యి సరిచెయ్యకుండా వెల్డింగ్ రాదని వాళ్లకు తెలుసు. బోధన విషయానికొచ్చేసరికి మాత్రం రెండు స్లైడ్‌షోలతో వస్తుందని కాలేజీలు నమ్ముతాయి.

డబ్బు ఖర్చయ్యే తీరు కూడా దీన్నే పెంచుతుంది. వృత్తి విద్యకిచ్చే పెర్కిన్స్ నిధులు, 2018లో సవరించిన చట్టం ప్రకారం, పరికరాలకూ వాడొచ్చు, ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణకూ వాడొచ్చు. కొత్త మెషీన్ కొంటే ఫొటో దిగొచ్చు, ఆడిట్‌లో చూపించొచ్చు. ఇన్‌స్ట్రక్టర్‌కు ఒక కోర్సు తగ్గించి ఆ టైంలో సినారియోలు రాయమంటే చూపించడానికి ఏమీ ఉండదు.

మెట్లు కట్టిన చోట

పనిచేసిన ప్రయత్నాల్లో ఒకటి కాస్త దగ్గరగా చూడదగ్గది. న్యూ ఇంగ్లండ్ బోర్డ్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ అనే సంస్థ ఏటీఈ గ్రాంటుతో 2006లో ఫోటాన్ పీబీఎల్ (పీబీఎల్ అంటే ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగే) అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. లేజర్లు, ఆప్టిక్స్ నేర్పే కోర్సుల కోసం నిజమైన కంపెనీల్లో, పరిశోధన ల్యాబుల్లో ఎదురైన సమస్యలను తీసుకుని మల్టీమీడియా చాలెంజ్‌లుగా తయారు చేశారు. కంపెనీ పరిచయం, సమస్య, దాని మీద అక్కడి ఇంజినీర్లు ఎలా ఆలోచించారన్న చర్చ, చివరికి వాళ్లు కనిపెట్టిన పరిష్కారం, అన్నీ వీడియోలతో సహా ఉంటాయి. చర్చ, పరిష్కారం ఉన్న భాగాలు పాస్‌వర్డ్ వెనక ఉంటాయి, తాళంచెవి ఇన్‌స్ట్రక్టర్ చేతిలో.

ఇందులో తెలివైన పని పాస్‌వర్డ్ ఎప్పుడు ఇవ్వాలో ఎంచుకునే వీలు. ఒకే చాలెంజ్‌ను మూడు రకాలుగా నడపొచ్చు. మొదటి రకంలో ఇన్‌స్ట్రక్టరే ముందుండి అడుగడుగునా నడిపిస్తారు, మామూలు క్లాసుకు ఇది దగ్గర. రెండోదాంట్లో దారి చూపించి వదులుతారు. మూడోదాంట్లో విద్యార్థులే పూర్తిగా పరిష్కరించాలి, ఇన్‌స్ట్రక్టర్ అడిగితే సలహా ఇచ్చే మనిషి మాత్రమే. క్లాసు చేతిలోంచి జారుతుందన్న భయం ఉన్నవాళ్లు మొదటి మెట్టు మీద మొదలుపెట్టొచ్చు, అలవాటయ్యాక ఎక్కొచ్చు.

ఈ మెట్లు విద్యార్థికి కూడా అవసరమే. 2006లోనే కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు గట్టి విమర్శ చేశారు: ఏమీ తెలియని విద్యార్థిని సమస్యలో వదిలేస్తే, బుర్రలో ఉన్న కొద్దిపాటి జాగా దారి వెతుక్కోవడానికే అయిపోతుంది, నేర్చుకోవడానికి మిగలదు. ప్రాబ్లమ్ బేస్డ్ పద్ధతి అంటే వదిలెయ్యడం కాదు, అందులో చాలా ఆసరా ఉంటుందని మరుసటి ఏడాది సిండీ మెలో సిల్వర్, ఆమె సహచరులు జవాబిచ్చారు. ఇద్దరి మాటా పక్కపక్కన పెట్టి చూస్తే గొడవ అంత పెద్దది కాదు. ఐపీ అడ్రస్ అంటే ఏమిటో ఇంకా కుదురుకోని మూడో వారం విద్యార్థికి క్లినిక్ సినారియో ఇస్తే అది హింస, ల్యాబ్ షీట్ రెండుసార్లు చేసిన పదో వారం విద్యార్థికి ఇంకో ల్యాబ్ షీట్ ఇస్తే అది టైం వేస్టు. కాబట్టి ల్యాబ్ షీట్లను చెత్తబుట్టలో వెయ్యక్కర్లేదు, సినారియోకు ముందు వాటి పని వాటికి ఉంది. ఈ ముక్క ముందే చెబితే ఇన్‌స్ట్రక్టర్లలో సగం వ్యతిరేకత అక్కడికక్కడే తగ్గుతుంది, ఎందుకంటే ఇన్నేళ్లుగా చేసిందంతా తప్పని ఎవరూ అనడం లేదని అర్థమవుతుంది.

మార్కుల చిక్కుకు మందు సినారియో కంటే ముందు మార్కుల పట్టిక రాసుకోవడం. క్లినిక్ ఉదాహరణలో నాలుగు వరసలు సరిపోతాయి: మేనేజర్‌ను అడిగిన ప్రశ్నల్లో "ఏం మారింది" ఉందా. 169.254, లెక్కకు రాని 22 అడ్రసులు, ఈ రెండు ఆధారాలనూ కలిపి కారణం చెప్పారా. ఎంచుకున్న పరిష్కారానికి ఉన్న నష్టాన్ని వాళ్లే చెప్పారా. మేనేజర్‌కు రాసిన ఉత్తరం ఆమెకు అర్థమవుతుందా. గ్రూపుకు ఒక మార్కు, తర్వాత ఒక్కొక్కరినీ రెండు నిమిషాలు పిలిచి "లీజు గడువు తగ్గించినా రేపు పొద్దున ఎందుకు బాగుపడదు?" అని ఒక్క ప్రశ్న అడిగితే ఫోన్ చూసుకున్నవాళ్లెవరో తేలిపోతుంది. డీన్ దగ్గరికి ఫిర్యాదు వెళ్లినా ఈ పట్టికే సమాధానం.

కాలేజీ చెయ్యాల్సింది కూడా పెద్దదేమీ కాదు. సెమిస్టర్ మొత్తం మార్చమని అడగకుండా ఒకే ఒక్క సినారియో, ఒకే ఒక్క క్లాసు అడగాలి. ఒకే సబ్జెక్టు చెప్పే ఇద్దరిని జత చెయ్యాలి, ఒకరు నడుపుతుంటే ఒకరు వెనక కూర్చుని ఏ టేబుల్ ఎక్కడ ఆగిందో రాసుకోవాలి, తర్వాత మారాలి. పార్ట్‌టైం వాళ్లకు ఆ గంటలకు డబ్బివ్వాలి, సాయంత్రం పెట్టాలి. మొదటి సెమిస్టర్ ఫీడ్‌బ్యాక్ ఫారాలను లెక్కలోకి తీసుకోబోమని రాతపూర్వకంగా చెప్పాలి. వీటన్నిటిలో ఖర్చు లేనిది ఆ చివరిదే, దాన్నే అన్నిటికంటే అరుదుగా చేస్తారు.

కంపెనీల వాళ్లను ఏం అడగాలి

ప్రతి కాలేజీలోనూ కంపెనీల ప్రతినిధులతో సలహా కమిటీ ఉంటుంది, ఏడాదికి రెండుసార్లు టీ తాగి "కమ్యూనికేషన్ స్కిల్స్ కావాలండీ" అని చెప్పి వెళ్తుంటుంది. దాంతో సినారియో రాయలేరు. 1960ల్లో కెనడాలో పుట్టిన డేకమ్ పద్ధతిలో ఆ పని చేస్తున్నవాళ్లనే రెండు రోజులు కూర్చోబెట్టి, రోజూ ఏమేం చేస్తారో పని పనిగా గోడమీద పేర్చిస్తారు. మేనేజర్లను పక్కన పెట్టి పనివాళ్లను పిలవడమే అందులో కీలకం. అది కూడా పనుల జాబితా ఇస్తుంది గానీ కథ ఇవ్వదు. కథ కావాలంటే ఇంకా చిన్న ప్రశ్న అడగాలి: "పోయిన నెలలో కొత్తగా చేరిన కుర్రాడు చేసిన తప్పు ఒకటి చెప్పండి, మీరు దాన్ని ఎలా పట్టుకున్నారు?" దీనికి ఏ టెక్నీషియనైనా పావుగంట మాట్లాడతాడు, ఆ పావుగంటలో రెండు సినారియోలు దొరుకుతాయి.

చాట్‌బాట్లు వచ్చాక సినారియో రాయడం తేలికైందన్న మాట వినిపిస్తోంది, కొంతవరకు నిజమే. ఈమెయిల్, మార్కుల పట్టిక, నాలుగు రకాల క్లూలు అరగంటలో వస్తాయి. కానీ అవి రాసే ఫిర్యాదులు మరీ శుభ్రంగా ఉంటాయి, కావాల్సిన సమాచారమంతా ఒకే చోట పెట్టేస్తాయి. "పాడైన సరుకు అంటగట్టినట్టున్నారు" లాంటి తప్పుదారి మాట ఫీల్డులో తిరిగిన మనిషి చేర్చాల్సిందే. విద్యార్థి కూడా అదే ఫిర్యాదును చాట్‌బాట్‌కు ఇస్తాడు కాబట్టి, నోటితో అడిగే ఆ రెండు నిమిషాల ప్రశ్నకు విలువ ఇంకా పెరిగింది.

తెలుగు రాష్ట్రాలకు వస్తే

తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టింది. రోబోలు, సీఎన్‌సీ మెషీన్లు వస్తున్నాయి. అమెరికా అనుభవం ఇక్కడ నేరుగా పనికొచ్చేది ఒక్క విషయంలో: మెషీన్ వచ్చినంత తేలిగ్గా దాని చుట్టూ పాఠం రాదు, పాత ల్యాబ్ షీట్‌నే కొత్త మెషీన్ మీద నడపడం ఎక్కడైనా జరిగేదే.

పాలిటెక్నిక్‌ల పరిస్థితి ఇంకాస్త వేరు. కమ్యూనిటీ కాలేజీ ఇన్‌స్ట్రక్టర్ తన పరీక్ష పేపరు చాలావరకు తనే తయారు చేసుకుంటారు. ఇక్కడ సిలబస్, చివరి పరీక్ష రెండూ రాష్ట్ర సాంకేతిక విద్యా మండలివి, లెక్చరర్ చేతిలో మిగిలేది ఇంటర్నల్ మార్కులు, ల్యాబ్ పీరియడ్లు. లెక్చరర్లలో చాలామంది బీటెక్ కాగానే బోధనలోకి వచ్చినవాళ్లు కాబట్టి, పొద్దున ఫీల్డులో పని చేసి సాయంత్రం పాఠం చెప్పే మనిషి ఇక్కడ అరుదు. ఉన్నదాంట్లో ఒక సౌకర్యం మాత్రం ఉంది. ఆంధ్రప్రదేశ్ డిప్లొమాలో చాలా బ్రాంచిల విద్యార్థులు ఒక సెమిస్టర్ పాటు ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు వెళ్లి వస్తారు, అక్కడ ఏ రోజు ఏం చేశారో రాసిన లాగ్ బుక్కులు తెచ్చి కాలేజీలో ఇస్తారు. మోటారు ఎందుకు కాలిపోయింది, లైన్ ఎందుకు ఆగింది, సూపర్‌వైజర్ ఎందుకు కేకలేశాడు, అన్నీ ఆ బుక్కుల్లో ఎక్కడో ఒక మూల ఉంటాయి. మార్కులు వేశాక వాటిని కట్టగట్టి బీరువాలో పెడుతున్నారు. వచ్చే ఏడాది సెకండియర్ క్లాసుకు కావాల్సిన మొదటి పది సినారియోలు ఆ బీరువాలోనే దొరుకుతాయి, తీసి చదివే పీరియడ్ ఒకటి టైంటేబుల్‌లో వేస్తే.